వేతనం లేని కొలువు

పాఠ్యభాగ పరిచయం

కంప్యూటరు నేటి జనజీవనంలో అంతర్భాగమైంది. ఆ యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను గురించి చాలామందికి తెలుసు. దాని వెనుక ఉన్న మానవ సంబంధాలను గురించి ఆలోచించేవారు మాత్రం తక్కువ. వివిధ దేశాలకు చెందిన స్వచ్ఛంద కార్యకర్తలు ఒక సాఫ్ట్‌వేర్ సముదాయాన్ని ఏ విధంగా నిర్మిస్తున్నారో, దానిని సకాలంలో విడుదల చేయడానికి ఏయే నియమాలు ఏర్పరచుకొన్నారో, ఏటేటా ఒకచోట ఎందుకు కలుసుకొంటున్నారో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

తెలుగులో 'కొలువు' అనే మాటకు ఉద్యోగమనీ, సభ అనీ రెండు అర్థాలున్నాయి. రాజుల కాలంలో ఈ రెండూ ఒకచోటనే ఉండేవి. కొలువు చేసేవాడు కొలువుకూటానికి రావలసిందే. జీతమిచ్చే ప్రభువుకు ఆజ్ఞాపించే అధికారం, జీతం పుచ్చుకొనే సేవకునికి ఆ ఆజ్ఞను శిరసావహించే బాధ్యత ఉండేవి. నేటి కార్యాలయాలూ, కర్మాగారాలూ స్థూలంగా ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి. మరి జీతం లేనిచోట, ఆజ్ఞాపించేవాడు లేనిచోట, పనిచేసేవారు ఒకరి ముఖం ఒకరు ఎరుగనిచోట ఒక మహాకార్యం సాధ్యమవుతుందా? అయినా, అది అనుకొన్న సమయానికి పూర్తవుతుందా? ముప్పయ్యేళ్ళకు పైగా ఈ ప్రశ్నలకు తన నడవడితో సమాధానం చెబుతూ వస్తున్న సంస్థ డెబియన్.

1993 ఆగస్టు 16న అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ ఈ సంస్థను ప్రారంభించాడు. తనకు ప్రియమైన డెబ్రా పేరులోని మొదటి భాగాన్నీ, తన పేరునూ జోడించి దీనికి 'డెబియన్' అని నామకరణం చేశాడు. లినక్స్ ఆధారంగా ఒక సంపూర్ణమైన ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించడం, దానిని అందరికీ స్వేచ్ఛగా అందించడం ఈ సంస్థ ఆశయాలు. ఇక్కడ స్వేచ్ఛ అంటే కేవలం ధర లేకపోవడం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు; దాని సోర్స్ కోడ్‌ను చదవవచ్చు; తమ అవసరానికి తగినట్లు మార్చుకోవచ్చు; మార్చినదానిని ఇతరులతో పంచుకోవచ్చు. ఈ నాలుగింటికీ అడ్డులేకపోవడమే స్వేచ్ఛ.

డెబియన్‌లో సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా విభజిస్తారు. ప్రతి ప్యాకేజీకి ఒక వ్యక్తిగాని, ఒక బృందంగాని సంరక్షణ బాధ్యత వహిస్తుంది. 1996 జూన్‌లో వెలువడిన 1.1 విడుదలలో 474 ప్యాకేజీలు మాత్రమే ఉండేవి. 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ విడుదలలో వాటి సంఖ్య 69,830. ఒక సంరక్షకుడు చదువు వల్లనో, ఉద్యోగం వల్లనో, అనారోగ్యం వల్లనో తన పనిని వదులుకోవలసి వస్తే ఆ ప్యాకేజీని 'అనాథ' అని ప్రకటిస్తారు. ఇష్టమున్న మరొకరు దానిని దత్తత తీసుకొంటారు. తెలుగు భారత రచన ఇటువంటి బాధ్యతా స్వీకారానికి చక్కని ఉదాహరణ. నన్నయ అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో ఆగిపోగా, తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి తక్కిన పదిహేను పర్వాలను పూర్తిచేశాడు. నడుమ మిగిలిన కొరతను ఎఱ్ఱన తీర్చాడు. ముందరి కవి నడకను గౌరవిస్తూ, తరువాతి కవి నడకకు అతుకు తెలియకుండా కలిపాడు. పైగా దానిని రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. తన పేరు కంటె గ్రంథం పూర్తికావడమే ముఖ్యమని భావించిన సంస్కారం అది. స్వచ్ఛందంగా నడిచే ఏ సంస్థకైనా ఆ సంస్కారమే ఊపిరి.

డెబియన్‌కు 1998లో ఒక రాజ్యాంగం ఏర్పడింది. దాని ప్రకారం ప్రతి సంవత్సరం ఎన్నికల ద్వారా ఒక నాయకుణ్ణి ఎన్నుకొంటారు. కాని ఆ నాయకునికి ఎవరినీ "ఈ పని చెయ్యి" అని శాసించే అధికారం లేదు. సంస్థ కోసం పనిచేసి తీరాలనే నిర్బంధం ఏ సభ్యునికీ లేదని ఆ రాజ్యాంగమే చెబుతుంది. అయితే సక్రమంగా తీసుకొన్న నిర్ణయాలకు విరుద్ధంగా పనిచేయకూడదనే నియమం కూడా అందులోనే ఉంది. అంటే, చేయకపోయినా తప్పులేదు. చెడగొడితే మాత్రం తప్పు. వినడానికి ఇది సులభంగా ఉంటుంది. కాని సుమారు వేయిమంది సభ్యులను, వారికి తోడ్పడే మరెందరినో ఒక్క తేదీకి ఒక్క గమ్యానికి చేర్చవలసివచ్చినప్పుడు దీనిలోని కష్టం తెలుస్తుంది.

విడుదల అనే మాటకు ఎంత విలువ ఉందో డెబియన్ తొలినాళ్ళలోనే గ్రహించింది. 1995 డిసెంబరులో సీడీలు తయారుచేసే ఒక సంస్థ, ఇంకా నిర్మాణదశలో ఉన్న డెబియన్‌ను పొరపాటున '1.0' అనే సంఖ్యతో అచ్చువేసి అమ్మకానికి పెట్టింది. అది సరిగా పనిచేసే స్థితిలో లేదు. సభ్యులు ఆ సంఖ్యనే వదులుకొని, తమ విడుదలకు 1.1 అని పేరుపెట్టారు. అందుకే నేటికీ డెబియన్ చరిత్రలో 1.0 అనే విడుదల కనిపించదు. నాటి నుంచి, పూర్తికాని రూపాన్ని సంఖ్యతో కాక ఒక ముద్దుపేరుతో పిలవడం ఆచారమైంది. అప్పటి నాయకుడు బ్రూస్ పెరెన్స్ పిక్సార్ చలనచిత్ర సంస్థలో ఉద్యోగి. ఆ సంస్థ 1995లో నిర్మించిన 'టాయ్ స్టోరీ' చిత్రంలోని బొమ్మల పేర్లను విడుదలలకు పెట్టడం అప్పుడే మొదలైంది. బజ్, వుడీ, సార్జ్, లెనీ మొదలైన పేర్లన్నీ ఆ చిత్రంలోని పాత్రలవే.

రైతు పండించిన ధాన్యం పొలం నుంచి నేరుగా వంటింటికి చేరదు. కళ్ళంలో నూర్చి, తూర్పారబట్టి, ఆ తరువాతనే గాదెకు చేరుస్తారు. డెబియన్‌లోనూ ఇటువంటి మూడు అంచెలున్నాయి. సంరక్షకులు తయారుచేసిన కొత్త ప్యాకేజీలు మొదట 'అస్థిర' విభాగానికి చేరుతాయి. దీనికి శాశ్వతంగా 'సిడ్' అని పేరు. చిత్రంలో బొమ్మలను విరగ్గొట్టే కుర్రవాడి పేరు అది. అక్కడ కొన్ని రోజులపాటు ఎవరికీ తీవ్రమైన లోపాలు కనిపించకపోతే, ఆ ప్యాకేజీ ఆధారపడిన ఇతర ప్యాకేజీలు కూడా సిద్ధంగా ఉంటే, అది 'పరీక్షా' విభాగంలోకి ప్రవేశిస్తుంది. ఈ నడిమి అంచెను 2000 సంవత్సరం చివర ఏర్పాటుచేశారు. పరీక్షా విభాగం అన్నివిధాలా పరిపక్వమైనప్పుడు దానినే 'స్థిర' విడుదలగా ప్రకటిస్తారు. ఆసుపత్రులు, విద్యాలయాలు, పరిశోధనశాలలు వంటివి నమ్మకంతో వాడుకొనేది ఈ మూడవదానినే.

అయితే ప్రవాహం ఆగనిదే నీరు తేటపడదు. ఒకవైపు కొత్త ప్యాకేజీలు వస్తూనే ఉంటే మరొకవైపు లోపాలు పుడుతూనే ఉంటాయి. అందువల్ల విడుదలకు కొన్ని నెలల ముందు 'స్తంభన' అనే పద్ధతిని పాటిస్తారు. స్తంభన ఒక్కసారిగా రాదు, మెట్లుమెట్లుగా వస్తుంది. 13వ విడుదలనే తీసుకొంటే, 2025 మార్చి 15 నుంచి అనేక ప్యాకేజీలను ఒకేసారి కదిలించే పెద్ద మార్పులను నిలిపివేశారు. ఏప్రిల్ 15 నుంచి చిన్న మార్పులను మాత్రమే అనుమతించారు. మే 15 నుంచి నియమాలు మరింత బిగిశాయి. జూలై 27 నుంచి విడుదల బృందం స్వయంగా చూసి ఒప్పుకొంటే తప్ప ఏ మార్పునూ స్వీకరించలేదు. ఈ బృందం చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. తీవ్రమైన లోపమున్న ప్యాకేజీని ఎవరూ సరిదిద్దకపోతే, దానిని ఆ విడుదల నుంచి తొలగించడం. ఎంత ప్రసిద్ధుడు రూపొందించినదైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

స్తంభన అవసరమే అయినా, అది ఎప్పుడు మొదలు కావాలి? ఇదే డెబియన్‌ను చాలాకాలం వేధించిన ప్రశ్న. సిద్ధమైనప్పుడే విడుదల అన్నది వారి పాత సూత్రం. పెళ్ళికి ముహూర్తం పెట్టుకొని సన్నాహాలు చేసుకోవడం లోకాచారం. సన్నాహాలన్నీ పూర్తయిన తరువాతనే ముహూర్తం పెడతామంటే ఆ పెళ్ళి ఎన్నటికి జరిగేను? 2002 జూలై 19న 'వుడీ' వెలువడింది. దాని తరువాతి 'సార్జ్' 2005 జూన్ 6న గాని వెలువడలేదు. దాదాపు మూడేళ్ళు గడిచిపోయాయి. ఈలోగా స్థిర విడుదలను వాడేవారికి పాతబడిన సాఫ్ట్‌వేరే గతి అయింది. రాత్రింబవళ్ళు శ్రమించినవారికి తమ పని వెలుగు చూడడం లేదనే నిరాశ కలిగింది. స్వచ్ఛంద సేవకునికి జీతం ఉండదు. తన శ్రమ పదిమందికీ ఉపయోగపడడమే అతని ప్రతిఫలం. విడుదల ఆలస్యమైతే అతని జీతం ఆగిపోయినట్లే.

కార్యసాధనకు సామ దాన భేద దండాలని నాలుగు ఉపాయాలు చెప్పారు పెద్దలు. ఇటువంటి సంస్థలో దండోపాయానికి చోటులేదు. 2006లో కొందరు దానోపాయాన్ని ప్రయత్నించారు. తరువాతి విడుదల 'ఎచ్'ను ఆ సంవత్సరం డిసెంబరు 4 నాటికి వెలువరించాలని సంకల్పించి, విరాళాలు సేకరించి, విడుదల నిర్వాహకులు ఇద్దరు చెరికొంత కాలం పూర్తిగా ఈ పనిమీదనే ఉండేటట్లు వారికి డబ్బు చెల్లించే ఏర్పాటుచేశారు. ఉద్దేశం మంచిదే. కాని సభ్యులలో తీవ్రమైన వాగ్వివాదం చెలరేగింది. "ఇద్దరికి వేతనమిస్తే, ఉచితంగా శ్రమిస్తున్న వందలమంది శ్రమకు విలువ లేదా?" అని కొందరు ప్రశ్నించారు. కొందరు తమ పనిని తగ్గించుకొన్నారు. నాయకుణ్ణి పదవి నుంచి తొలగించాలనే తీర్మానం కూడా ఓటింగుకు వచ్చి వీగిపోయింది. దానం భేదానికి దారితీసింది. చివరకు ఎచ్ విడుదలైనది 2007 ఏప్రిల్ 8న, అంటే అనుకొన్న తేదీకి నాలుగు నెలల తరువాత.

దీనిని బట్టి ధనం సర్వత్రా హానికరమని భావించరాదు. డెబియన్ సభ్యులలో పలువురు తాము ఉద్యోగం చేసే సంస్థల తరఫున, ఆ జీతం మీదనే ఈ పని చేస్తున్నారు. 2014 నుంచి పాత విడుదలలకు భద్రతా సవరణలు అందించే పని బయటి సంస్థల ఆర్థిక సహాయంతో సాగుతోంది. దానికి అటువంటి ప్రతిఘటన ఎదురుకాలేదు. ఎవరూ ఇష్టపడి ముందుకు రాని పనికి కూలి ఇవ్వడం వేరు. అందరూ కలిసి మోస్తున్న పల్లకీకి ఇద్దరు బోయీలకు మాత్రమే కూలి ఇవ్వడం వేరు. 2006 నాటి వివాదం ఈ భేదాన్ని స్పష్టం చేసింది.

ఇక మిగిలింది సామోపాయం. అదైనా తొలి ప్రయత్నంలోనే ఫలించలేదు. 2009 జూలైలో స్పెయిన్ దేశంలోని కాసెరెస్ నగరంలో సభ్యుల వార్షిక సమావేశం జరిగింది. ఇకమీదట రెండేళ్ళకొకసారి నిర్ణీత కాలంలో స్తంభన మొదలవుతుందనీ, మొదటిది ఆ డిసెంబరులోనే ఉంటుందనీ అక్కడి నుంచి ప్రకటన వెలువడింది. ముందరి విడుదల 'లెనీ' వెలువడినది ఆ ఫిబ్రవరిలోనే. పది నెలల వ్యవధిలో అంతా సిద్ధం కావడం అసాధ్యమని సమావేశానికి రానివారూ, వచ్చినవారిలో కొందరూ ఆక్షేపించారు. తమను సంప్రదించకుండా నిర్ణయం జరిగిందన్నది వారి ప్రధానమైన బాధ. నిర్వాహకులు పట్టుదలకు పోలేదు. వెంటనే ఆ తేదీని పునఃపరిశీలిస్తామని ప్రకటించారు. చివరకు 2010 ఆగస్టులో స్తంభన మొదలై, 2011 ఫిబ్రవరి 6న 'స్క్వీజ్' విడుదలైంది. తేదీ మారింది గాని, రెండేళ్ళ నియమం మాత్రం నిలిచింది. 2013, 2015, 2017, 2019, 2021, 2023, 2025 సంవత్సరాలలో క్రమం తప్పకుండా విడుదలలు వెలువడ్డాయి.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉంది. డెబియన్ సిద్ధమైనప్పుడే విడుదల అనే సూత్రాన్ని వదులుకోలేదు. స్తంభన మొదలయ్యే తేదీని మాత్రమే ముందుగా స్థిరపరచింది. విడుదల తేదీని కాదు. స్తంభన తేదీ రెండేళ్ళ ముందే స్థూలంగా తెలిసిపోవడంతో ప్రతి ఒక్కరూ తమ పనిని దానికి అనుగుణంగా మలచుకోగలిగారు. ఎవరూ ఎవరినీ శాసించలేదు. పంచాంగమే అందరినీ నడిపించింది. భాషానువాదకులకు ఇది మరింత మేలుచేసింది. తెర మీద కనిపించే ఒక్క వాక్యం చివరి క్షణంలో మారినా అది పదుల భాషలలో మళ్ళీ మారాలి. డెబియన్‌ను కంప్యూటరులో స్థాపించే కార్యక్రమం మొదట చూపే భాషల పట్టికలో తెలుగు కూడా ఉంది. ఆ ఒక్క పదం అక్కడ నిలవడానికి ప్రతి విడుదలకు ముందు ఎవరో ఒకరు కూర్చొని వాక్యాలను సరిచూడవలసిందే.

విడుదల సాధారణంగా శనివారం నాడు జరుగుతుంది. తక్కిన రోజులలో చాలామందికి తమ తమ ఉద్యోగాలుంటాయి. ఆనాడు భాండాగారాన్ని నిర్వహించే బృందం కొత్త విడుదలను స్థిర స్థానంలోకి మారుస్తుంది. మరొక బృందం స్థాపనకు కావలసిన ప్రతులను తయారుచేస్తుంది. వివిధ ప్రాంతాలలో ఉన్న కార్యకర్తలు ఒక్కొక్క ప్రతిని తమ యంత్రాలలో పరీక్షించి ఫలితం తెలియజేస్తారు. అన్నీ సరిపోయిన తరువాతనే అధికారికంగా ప్రకటన వెలువడుతుంది. ఒక్కొక్కసారి ఈ పని అర్ధరాత్రి వరకు సాగుతుంది.

ఇంతటి పని దూరం నుంచే జరిగిపోతున్నప్పుడు ఒకచోట కలుసుకోవలసిన అవసరమేమిటనే సందేహం కలగవచ్చు. డెబియన్ సమావేశాలు పలువిధాలు. వాటిలో చిన్నవి 'లోప నిర్మూలన' సమావేశాలు. ఒక ఊరిలో పదిమందో ఇరవైమందో వారాంతంలో ఒక గదిలో చేరి, విడుదలకు అడ్డుగా ఉన్న లోపాలను ఒక్కొక్కటిగా సరిచేస్తారు. ఒంటరిగా వారాల తరబడి తెగని చిక్కుముడి, పక్కన కూర్చున్నవాడి ఒక్క మాటతో విడిపోవడం అక్కడ తరచు జరిగేదే. పెద్దది వార్షిక మహాసభ. దానికి 'డెబ్‌కాన్ఫ్' అని పేరు. మొదటిది 2000 జూలైలో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో జరిగింది. ఆ తరువాత ఖండఖండాంతరాలలో జరుగుతూ వచ్చింది. ఏ దేశంలో జరపాలో ఆయా ప్రాంతాల బృందాల మధ్య పోటీ ఉంటుంది. వసతి, భోజనం, ప్రయాణ సహాయం, ఉపన్యాసాల చిత్రీకరణ మొదలైనవన్నీ కార్యకర్తలే చూసుకొంటారు. ఖర్చు దాతల నుంచి వస్తుంది.

ఈ కలయికలకు సాంకేతికమైన ప్రయోజనం కూడా ఉంది. ప్రతి సభ్యునికి ఒక రహస్య సంకేతపు తాళంచెవి ఉంటుంది. అతడు పంపే ప్రతి ప్యాకేజీ మీద దానితో సంతకం చేస్తాడు. ఆ తాళంచెవి నిజంగా ఆ వ్యక్తిదేనని తెలిసేదెలా? ఇద్దరు సభ్యులు ఎదురెదురుగా నిలబడి, ఒకరి గుర్తింపు పత్రాన్ని మరొకరు చూసి, తాళంచెవి గుర్తును సరిపోల్చుకొని, ఆ తరువాత పరస్పరం ధ్రువీకరిస్తారు. ఇట్లా ఒకరినొకరు ఎరిగినవారి గొలుసు ప్రపంచమంతటా వ్యాపించింది. కొత్తగా సభ్యత్వం కోరేవాడు ఈ గొలుసులో ఏదో ఒక లంకెను పట్టుకోవలసిందే.

అయినా, మనిషిని మనిషి తెలుసుకోవడం గుర్తింపు పత్రంతో పూర్తికాదు. 2000 సంవత్సరంలో బోర్డోలో మొదటి సమావేశం జరిగిన నెలలోనే, జూలై 11న, జోయెల్ క్లెకర్ అనే యువ సభ్యుడు మరణించాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. కండరాలను క్రమంగా క్షీణింపజేసే వ్యాధితో పోరాడుతూ, చాలాకాలం మంచం మీద ఉండే అతడు డెబియన్ కోసం పనిచేశాడు. అతనితో కలిసి పనిచేసిన సభ్యులలో చాలామందికి ఈ సంగతి అతని చివరి రోజుల వరకు తెలియదు. తరువాతి నెలలో వెలువడిన 2.2 విడుదలను వారు అతనికి అంకితం చేశారు. అదేవిధంగా 2015 డిసెంబరు 28న మరణించిన ఇయాన్ మర్డాక్‌కు 2017 నాటి 9వ విడుదలను అంకితం చేశారు. ఈ పద్ధతి మన కావ్యావతారికలను స్ఫురింపజేస్తుంది. అయితే ఇక్కడ అంకితం అందుకొన్నది ప్రభువు కాదు, సహపంక్తిలో కూర్చున్నవాడు.

నమ్మకం ఎంత బలమైనదో అంత సుకుమారమైనది. 2024 మార్చిలో జరిగిన సంఘటన దీనికి నిదర్శనం. ఫైళ్ళను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే సాఫ్ట్‌వేర్‌ను చాలాకాలంగా ఒకే వ్యక్తి ఒంటరిగా నిర్వహిస్తున్నాడు. అది డెబియన్ సొంతమైనది కాకపోయినా, అనేక ఇతర వ్యవస్థలవలె డెబియన్ కూడా దానిని వాడుకొంటుంది. ఎవరూ చూసి ఎరుగని ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్ళకు పైగా సహాయకునిగా మెలగి, ఆ అలసిన నిర్వాహకుని నమ్మకాన్ని చూరగొని, చివరకు అందులో ఒక రహస్యద్వారాన్ని అమర్చాడు. డెబియన్ అస్థిర విభాగాన్ని వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించడానికి సుమారు అర సెకను ఎక్కువ కాలం పడుతున్నదని గమనించాడు. ఆ అర సెకనుకు కారణం వెదకుతూ పోయి మోసాన్ని బయటపెట్టాడు. అప్పటికి ఆ విషం అస్థిర, పరీక్షా విభాగాలలోకి చేరింది గాని స్థిర విడుదలను తాకలేదు. కళ్ళంలోనే దొరికిపోయింది, గాదెకు చేరలేదు. ఏప్రిల్‌లో రావలసిన 12.6 సవరణ విడుదలను సభ్యులు వాయిదా వేసి, అన్నీ సరిచూసుకొని జూన్ 29న వెలువరించారు. నిదానం ఇక్కడ లోపం కాలేదు, రక్ష అయింది.

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ కారణంగా మహాసభలు తెరల మీదనే జరిగాయి. పని ఆగలేదు, 11వ విడుదల 2021 ఆగస్టు 14న వెలువడనే వెలువడింది. 2022లో కొసావోలోని ప్రిజ్రెన్‌లో సభ్యులు మళ్ళీ ముఖాముఖి కలుసుకొన్నారు. 2023 సెప్టెంబరులో ఈ మహాసభ మొట్టమొదటిసారిగా మన దేశంలో, కేరళలోని కొచ్చిలో జరిగింది. ఆ రోజులలోనే, విహారయాత్రలో జరిగిన ప్రమాదంలో మన దేశానికే చెందిన ఒక యువ సభ్యుడు మరణించాడు. ఉత్సవంగా మొదలైన సభ శోకసభ అయింది. ఒక పేరుగా మాత్రమే ఎరిగినవారికోసం కలిగే దుఃఖం వేరు. కలిసి భోజనం చేసినవారికోసం కలిగే దుఃఖం వేరు. సమావేశాలు మనుషులకు ఇచ్చే బంధం ఇటువంటిది. అది సంతోషంతోపాటు బాధను కూడా పంచి ఇస్తుంది.

అయితే కాసెరెస్ అనుభవాన్ని కూడా మరువరాదు. సభకు రాగలిగినవారే సంస్థ కాదు. ప్రయాణానికి స్తోమత లేనివారు, వీసా దొరకనివారు, జోయెల్ వలె కదలలేనివారు కూడా సంస్థలో సమాన భాగస్వాములే. సభలో పరిచయం పెంచుకోవచ్చు, చిక్కులు విప్పుకోవచ్చు, ప్రతిపాదనలు రూపొందించుకోవచ్చు. కాని అందరినీ కట్టిపడేసే నిర్ణయం అందరి ముందుకూ రావాలి. రానివారికి కూడా మాట్లాడే అవకాశం దక్కాలి. ఈ విచక్షణ ఉన్నందువల్లనే డెబియన్ ఇన్ని వివాదాలను దాటి నిలిచింది.

ప్రభువు లేని కొలువులో క్రమశిక్షణ ఉండదని లోకం అనుకొంటుంది. అక్కడ ఉండేది మరొకవిధమైన క్రమశిక్షణ. ముందుగా తెలిసిన నియమం, అందరికీ ఒకే న్యాయం, తొందరపడిన చోట వెనుకకు తగ్గే వినయం, ముఖాముఖి పరిచయం వల్ల గట్టిపడిన నమ్మకం అనేవి దానికి నాలుగు స్తంభాలు. గ్రామంలో చెరువు పూడిక తీయడానికైనా, కళాశాలలో వార్షికోత్సవం జరపడానికైనా ఇవే అవసరం. ఇతరుల సమయం తన సొత్తు కాదని గుర్తించినవాడే పదిమంది చేత పని చేయించగలడు.

కఠిన పదాలకు అర్థాలు

శిరసావహించు = గౌరవంతో ఆజ్ఞను పాటించు
కళ్ళం = పంట నూర్చే చోటు
గాదె = ధాన్యం నిలువచేసే చోటు
స్తంభన = కదలకుండా నిలిపివేయడం
వీగిపోవు = ఓడిపోవు
భాండాగారం = వస్తువులను భద్రపరచే చోటు
అవతారిక = కావ్యానికి ముందుండే పీఠిక
స్తోమత = శక్తి, ఆర్థిక సామర్థ్యం

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డెబియన్ సంస్థ విడుదలలను సకాలంలో వెలువరించడానికి చేసిన ప్రయత్నాలను, వాటి ఫలితాలను వివరించండి.
2. స్వచ్ఛంద సంస్థకు ముఖాముఖి సమావేశాల వల్ల కలిగే ప్రయోజనాలను, వాటి పరిమితులను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్యాకేజీ దాటవలసిన మూడు అంచెలను రచయిత దేనితో పోల్చారు? ఆ పోలికను సమర్థించండి.
2. 2006లో జరిగిన ప్రయత్నం భేదానికి ఎందుకు దారితీసింది?
3. 2024లో బయటపడిన మోసం స్థిర విడుదలను ఎందుకు తాకలేకపోయింది?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. డెబియన్ చరిత్రలో 1.0 విడుదల ఎందుకు కనిపించదు?
2. అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసిన కవి ఎవరు?
3. 2.2 విడుదలను ఎవరికి అంకితం చేశారు?
4. డెబియన్ మహాసభ మన దేశంలో ఎప్పుడు, ఎక్కడ జరిగింది?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "పంచాంగమే అందరినీ నడిపించింది."
2. "నిదానం ఇక్కడ లోపం కాలేదు, రక్ష అయింది."